గుమ్మం పత్రం నిడివి

వేసవి 1వ రోజు. బయట 46. నిబంధనలు 94. నిడివి 10 ని. 50 సె.

ఈ రోజు నుంచి హైమ పేరు గుమ్మంలో వినిపిస్తుంది.

గుమ్మం ఆఫీసు గుమాస్తాగా ఈ పుస్తకంలో నేను రాయవలసింది వేడి, నిబంధనలు, నిడివి ఉన్న మొదటి పంక్తి ఒక్కటే. పక్కన ‘విశేషాలు’ అని ఒక గడి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఖాళీగా వదిలేస్తున్నాను. ఇక మీదట నింపుతాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు.

నా భార్య హైమ పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. ఆనవాయితీ ప్రకారం పొద్దున్నే లోపలి తలుపు ముందు నిలబడ్డాం. నేను, కమిటీ పెద్ద పద్మనాభం గారు, మా ఇళ్ళ వరసలో వాళ్ళు. హైమ చెల్లెలు ఇందుమతి రాలేదు. ముఠాతో బయట ఉంది. ఎండ నుంచి కరెంటు తీసే పలకలు కడిగే పని ఒక్కపూట ఆగినా కొండలోపల చల్లగాలి తగ్గుతుంది.

మా కొండలో సమాధులు లేవు. పోయినవాళ్ళు ఎరువుగా తోటలోకి వెళ్తారు. ఫోటో పెట్టుకునేంత గోడ ఎవరికీ లేదు. మిగిలేదల్లా గుమ్మం పత్రంలో పేరు. గుమ్మం దగ్గర ఎవరు పోయినా వాళ్ళ పేరుతో కమిటీ ఒక నిబంధన చేరుస్తుంది. బయటి నుంచి వచ్చే ప్రతి మనిషీ రెండు తలుపుల మధ్యగదిలో ఒంటరిగా నిలబడి, యంత్రం చదివే పత్రమంతా వినాలి. ఒక్కో నిబంధనకీ ‘ఒప్పుకున్నా’ అనాలి. చివరిదానికి కూడా అంటేనే లోపలి తలుపు తెరుచుకుంటుంది. రోజుకి అరవై మంది వస్తారు. అంటే హైమ పేరు రోజుకి అరవైసార్లు.

నిబంధన నన్నే రాయమన్నారు. రాయలేనన్నాను. పద్మనాభం గారు రాశారు.

‘తొంభై నాలుగు. కీర్తిశేషురాలు హైమవతి గారి స్మృత్యర్థము. ఈ పత్రము వినువారు, దీనిని తుదివరకు వినుటకు తగిన శక్తి తమకు కలదని ముందుగా నిర్ధారించుకొనవలెను. అట్టి శక్తి లేనివారు వినుట మొదలుపెట్టకమునుపే ఆ సంగతి తెలియజేయవలెను. తెలియజేయవలసిన విధానము ఈ పత్రమందలి పందొమ్మిదవ నిబంధనయందు వినవచ్చును...’

ఇంకా ఉంది. మొత్తం నిమిషం పది సెకన్లు.

“నిమిషం దాటింది. అదృష్టవంతురాలు,” అన్నారు వెనక ఎవరో.

పుట్టగొడుగుల గదిలో పనిచేసే సూరమ్మ నా పక్కకి వచ్చింది. ఆమె కొడుకు వెంకన్న పదకొండేళ్ళ కింద పోయాడు. డెబ్భై ఒకటో నిబంధన అతనిది.

“మా వాడికి నలభై సెకన్లే ఇచ్చారు నాయనా,” అంది. “వాడు మాత్రం మనిషి కాడా?”

పద్మనాభం గారు నా భుజం మీద చెయ్యి వేశారు. “కావాలంటే రెండోసారి కూడా వినిపిస్తాం సదాశివం గారూ. కుటుంబానికి ఆ హక్కుంది.”

వద్దన్నాను. వినిపించినంతసేపూ తలుపు పనిచేయదు. బయట ముఠా నిలబడి ఉంది.

వేసవి 4వ రోజు. బయట 47. నిబంధనలు 94. నిడివి అదే.

గాలిరంధ్రానికి కట్టే గుడ్డలు ఉతికాను. హైమ వాటిని ఎలా మడిచేదో గుర్తులేదు. నాలుగు మడతలు వేస్తే గాలి రావడం లేదు, రెండు వేస్తే దుమ్ము వస్తోంది.

ఇందుమతి వచ్చి గుడ్డ నా చేతిలోంచి లాక్కుంది. మూడు మడతలు వేసింది.

హైమ మేస్త్రిగా ఉన్న ముఠాకి ఇప్పుడు ఇందుమతి మేస్త్రి. మొత్తం ఆరుగురు. మేస్త్రి అందర్నీ లెక్కపెట్టి లోపలికి పంపి తను చివర రావాలి. అది పద్దెనిమిదో నిబంధన. ఐదుగురు విని లోపలికి వెళ్ళేసరికి యాభై నాలుగు నిమిషాలు. అంతసేపూ ఆమె బయట కట్టిన పట్టా నీడలో నిలబడుతుంది. ఆ తరవాత మధ్యగది. మధ్యగదిలో నీళ్ళు తాగకూడదు. అది నలభై నాలుగు.

“బావా, ఒంటె అంటే ఏంటి?” అంది.

“ఒక జంతువు.”

“ఎంతుంటుంది?”

“నేను చూడలేదు. మనిషి కంటే ఎత్తట.”

“మధ్యగదిలో పడుతుందా?”

“పట్టదు.”

“మరి మధ్యగదిలో ఒంటెను కట్టనని రోజూ నాతో ఎందుకు ఒప్పిస్తున్నారు? పట్టనిదాన్ని కట్టేస్తాననుకున్నారా మీ ఆఫీసువాళ్ళు? నా మీద మరీ అంత నమ్మకమా?”

చెప్పాను. ముప్ఫై ఎనిమిదోది మాది కాదు. ఇసుకదేశం నుంచి వచ్చినవాళ్ళ పత్రం చూసి ఎప్పుడో ఎవరో మొత్తంగా ఎత్తి రాసుకున్నారు. దాంతోపాటు ఒంటె వచ్చింది. ఎవరి పేరు మీదా లేదు. ఏ నిబంధనైనా తీయాలంటే ఆ పేరుగలవాళ్ళ కుటుంబం ఒప్పుకోవాలి. ఒంటెకి కుటుంబం లేదు. కాబట్టి అది ఎప్పటికీ ఉంటుంది.

ఇందుమతి నవ్వింది. ఆ నవ్వులో హైమ పోలిక ఉంది. నేను గుడ్డల వైపు చూశాను.

“నేనేం ఊరికే ఒప్పుకోనులే. ‘ఒంటె లేదు, ఒప్పుకున్నా’ అంటా. యంత్రం చివరి మాటే పట్టుకుంటుంది. మొదటిది నాకోసం.”

“హైమకి చెప్పావా ఎప్పుడైనా?”

“అక్క నేర్పిందే కదా!”

నాకు తెలియదు. పదిహేడేళ్ళు కలిసి ఉన్నాం.

వేసవి 9వ రోజు. బయట 48. నిబంధనలు 94. నిడివి అదే.

పాత పత్రాలన్నీ కిందికి దించాను. పని లేకపోతే ఇంటికి వెళ్ళాలి.

మొట్టమొదటి పత్రం రాగిరేకు మీద ఉంది. మూడు వాక్యాలు.

‘తలుపు వేయండి. నీళ్ళు పారబోయకండి. పడిపోయినవాళ్ళని ముందు లోపలికి తీసుకురండి.’

చదవడానికి ఎనిమిది సెకన్లు.

తరవాతివి వరసగా పేర్చి చూశాను. ఒకడు తడికాళ్ళతో జారి తల పగలగొట్టుకున్నాడు, కాళ్ళు తుడుచుకోవాలన్నారు. ఒకామె యంత్రం వేగంగా చదివి మోసం చేసిందంది, నెమ్మదిగా చదవాలన్నారు. ఒకడు చేతి పిడితో తలుపు తీసి మూయడం మరిచాడు, లోపల తొమ్మిది మంది చంటిపిల్లలు పోయారు. పిడి తీసేసి తలుపుని యంత్రానికి అప్పగించారు. యంత్రం పత్రంలో ఉన్నదే చేస్తుంది, లేనిది చేయదు. ఒక్కటీ తప్పు కాదు. నేనున్నా అలాగే రాసేవాణ్ణి.

రాగిరేకు మీది మూడో వాక్యం ఏమైందా అని వెతికాను. నాలుగో పత్రంలో దాన్ని పన్నెండో నిబంధన చేశారు. ఆరో పత్రంలో ‘వివరములకు అనుబంధము చూడుడు’ అన్నారు. అనుబంధం ఈ గదిలోనే ఉంది, దుమ్ము పట్టి. యంత్రం అనుబంధాలు చదవదు.

డెబ్భై ఒకటి దగ్గరికి వచ్చాను. అది నేను రాసింది.

అప్పట్లో మధ్యగదిలోకి ఇద్దరిద్దర్ని పంపేవాళ్ళు. సూరమ్మ కొడుకు వెంకన్న వింటూ వింటూ స్పృహ తప్పాడు. పక్కవాడు గొంతు మార్చి అతని బదులు ‘ఒప్పుకున్నా’ అన్నాడు. తలుపు తెరుచుకుంది. వెంకన్న రెండు రోజులకి లోపల పోయాడు. అంతా ఒప్పుకునే వచ్చాడు కాబట్టి కమిటీకి సంబంధం లేదన్నారు. మా వాడు ఒప్పుకోలేదు, వాడికి స్మారకమే లేదు అని సూరమ్మ గుమ్మం ముందు కూర్చుంది. అప్పుడు నేను రాశాను.

‘వినుచుండగా స్పృహ కోల్పోయినవారి ముఖమున యంత్రము నీళ్ళు చల్లవలెను. స్పృహ వచ్చిన పిమ్మట, అంతవరకు ఒప్పుకొన్నది చెల్లదు గనుక, వారు మొదటినుంచి వినవలెను.’

ఎవరూ మోసపోకూడదనే రాశాను. పద్మనాభం గారు ఇంత శుభ్రమైన వాక్యం ఈ మధ్య చూడలేదన్నారు. ఇంటికి వెళ్ళి హైమకి చదివి వినిపించాను. అన్నం తింటోంది.

“మొదటినుంచి వినే ఓపిక లేకపోతే?” అంది.

పచ్చడి ఇటివ్వమన్నాను.

యంత్రం లెక్క నా దగ్గర ఉంది. ఆ రోజు హైమ అరవై ఆరు దాకా ఒప్పుకుంది. పడిపోయింది. నీళ్ళు చల్లింది యంత్రం. లేచింది. యంత్రం ఒకటి నుంచి మొదలుపెట్టింది. హైమ మళ్ళీ ఒప్పుకుంటూ వచ్చింది. నలభై ఒకటి దగ్గర ఆగింది. మొదటిసారి ఆగినచోటి నుంచి చదివి ఉంటే ఇంక మూడు నిమిషాలే.

తలుపు ఆ తరవాత దానంతటదే తెరుచుకుంది. సరుక్కీ శవానికీ పత్రం లేదు.

వేసవి 12వ రోజు. బయట 48. నిబంధనలు 94. నిడివి అదే.

పద్మనాభం గారి దగ్గరికి వెళ్ళాను.

“డెబ్భై ఒకటి తీసేద్దామండీ.”

“తీసేయడమా?” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చేర్చడానికి ఫారం ఉంది సదాశివం గారూ. తీయడానికి లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.”

“ఫారం నేను తయారుచేస్తాను.”

“మీరు చేస్తారు, నాకు తెలుసు. కానీ ప్రతి నిబంధన వెనకా ఒక మనిషి పోయాడు. దాన్ని తీస్తే ఇంకెవరు పోతారో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. తెలియనప్పుడు ఉంచడమే మంచిది.”

“ఉంచితే ఎవరు పోతారో చెప్పగలను. ఎండలు యాభై దాటితే చివర వచ్చే మనిషి పడిపోతుంది. లేస్తుంది. మొదటినుంచి వింటుంది. మా మరదలు చివర వస్తుంది.”

పద్మనాభం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాడు. హైమ పోయిన రోజున తన వంతు నీళ్ళు మా ఇంటికి పంపారు.

“సూరమ్మ చేత వేలిముద్ర వేయించుకురండి,” అన్నారు. “నా అభ్యంతరం లేదు.”

వేసవి 15వ రోజు. బయట 49. నిబంధనలు 94. నిడివి అదే.

సూరమ్మ పని దిగగానే ఇంటికి పోదు. లోపలి తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చుంటుంది. అక్కడ గోడలో ఉన్న స్పీకరులోంచి పత్రం వినిపిస్తుంది. డెబ్భై ఒకటి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటుంది. అయిపోయాక మళ్ళీ పుట్టగొడుగుల కాడలు కోసుకుంటుంది. పదకొండేళ్ళుగా ఇంతే.

పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. చివరిదాకా విన్నది.

“అయితే మా వాడి పేరు కొట్టేయమని వచ్చావు.”

“మొదటినుంచి వినడం ఒక్కటే తప్పిస్తే...”

“నా కొడుకు నిబంధనలో ఒక్క మాట తీసి ఒక్క మాట పెట్టినా అది వాడిది కాదు. ఉంటే మొత్తం ఉండాలి. పోతే మొత్తం పోవాలి. ఆ చోట ఇంకెవరి మాటా ఉండకూడదు.”

“పోతే మనుషులు బతుకుతారమ్మా.”

“సరే. ముందు మీ ఆవిడది తీయించు.”

నేను ఆమె వైపు చూశాను. ఆమె కాడలు కోస్తూనే ఉంది.

“నిమిషం పది సెకన్లు నాయనా ఆవిడది. నేను లెక్కపెట్టా. నా కొడుకు నలభై సెకన్లు తీస్తే మనుషులు బతికితే, నీది తీస్తే బతకరా? ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టిన మర్నాడు పొద్దున్నే వచ్చి వేలిముద్ర వేస్తా. నా మాట తిరగదు.”

వేసవి 16వ రోజు. బయట 49. నిబంధనలు 94. నిడివి అదే.

రెండు ఫారాలు తయారుచేశాను. తొంభై నాలుగుకి ఒకటి, డెబ్భై ఒకటికి ఒకటి. సంతకం పెట్టలేదు. కలంలో సిరా చిక్కబడింది.

వేసవి 17వ రోజు. బయట 49. నిబంధనలు 94. నిడివి అదే.

మధ్యాహ్నం తలుపు దగ్గరికి వెళ్ళాను. ఎవరో తెలియని ఆడమనిషి గొంతు. హైమవతి గారి స్మృత్యర్థము. ఒప్పుకున్నా. తరవాత ఒక ముసలాయన. తరవాత దగ్గుతున్న ఎవరో. ఏడుసార్లు విని వచ్చాను.

సూరమ్మ కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

వేసవి 20వ రోజు. బయట 50. నిబంధనలు 94. నిడివి 11 ని. 10 సె.

కమిటీ మొదటి నిబంధనలో వివరణ చేర్చింది. ‘తలుపు అనగా లోపలి తలుపు, వెలుపలి తలుపు, లేదా సందర్భమునుబట్టి రెండును.’ లోపలి తలుపా వెలుపలి తలుపా అని ఒకడు వాదించాడట. ఇరవై సెకన్లు.

సంతకం పెట్టలేదు.

వేసవి 24వ రోజు. బయట 51. నిబంధనలు 94. నిడివి 11 ని. 10 సె.

ఇందుమతి కంచాలు తీస్తూ ఫారాలు చూసింది. పెదాలు పగిలి ఉన్నాయి. ఈ మధ్య లోపలికి వచ్చాక గంటదాకా మాట్లాడదు.

“ఇదేంటి బావా? అక్క పేరుంది.”

చెప్పాను.

“ఎన్నాళ్ళయింది?”

“ఎనిమిది రోజులు.”

కంచాలు కింద పెట్టింది. “ఎనిమిది రోజులు నేను అక్కడ నిలబడి అక్క పేరు వింటున్నా. దానికి ఒప్పుకుంటున్నా. ఏమని ఒప్పుకుంటున్నానో తెలుసా? శక్తి లేకపోతే ముందే చెప్తానని. చెప్పేందుకు అవతల ఎవరున్నారు? ఆ మాట అక్క పేరు మీద పెట్టారు. అక్క వింటే మీ అందరి మొహాన ఆ తడిగుడ్డ విసిరేది.”

“పేరు మిగలదు ఇందూ.”

“పేరెక్కడ మిగిలింది? నువ్వు పోయి వింటావటగా. ఏడుసార్లు విన్నావట, ముఠా అంతా నవ్వుకుంటున్నారు. ఒంటె జోకు అక్క వేసింది. అది మిగిలింది. రోజూ ఆరుగురం అంటున్నాం. దానికి కమిటీ అక్కర్లేదు.”

నా చేతిలో కలం పెట్టలేదు. బలవంతం చేయలేదు. కంచాలు కడిగి, గుడ్డలు మూడు మడతలు వేసి వెళ్ళిపోయింది.

సంతకం పెట్టాను.

వేసవి 25వ రోజు. బయట 51. నిబంధనలు 94. నిడివి 11 ని. 10 సె.

సూరమ్మ పొద్దున్నే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. వేలిముద్ర వేసి, వేలు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని వెళ్ళింది.

ఫారాలు రెండూ కమిటీకి ఇచ్చాను. ఈ కొండలో ఇంతవరకు ఎవరూ ఏదీ తీయలేదు.

వేసవి 28వ రోజు. బయట 52. నిబంధనలు 94. నిడివి 11 ని. 50 సె.

అంకె తప్పు రాయలేదు. రెండుసార్లు చూసుకున్నాను.

కొత్త పత్రం పొద్దున్న యంత్రంలో పెట్టారు. తొంభై నాలుగో చోట ఇలా ఉంది.

‘ఈ స్థానమునందు పూర్వము ఒక నిబంధన ఉండెను. అది కుటుంబము వారి సమ్మతిపై తొలగింపబడినది. తొలగింపువలన తక్కిన నిబంధనల సంఖ్య గాని, క్రమము గాని, చెల్లుబాటు గాని మారవు. తొలగింపునకు మునుపు అట్టి నిబంధనను ఒప్పుకొన్నవారు ఒప్పుకొన్నట్లే భావింపబడుదురు...’

నిమిషం ఇరవై అయిదు సెకన్లు. హైమ ఉన్నప్పటి కంటే పదిహేను ఎక్కువ. డెబ్భై ఒకటో చోట కూడా అలాంటిదే, నిమిషం అయిదు. వెంకన్న కంటే ఇరవై అయిదు ఎక్కువ. పేర్లు రెండూ లేవు.

పద్మనాభం గారి దగ్గరికి పరిగెత్తాను.

“తీసినట్టు చెప్పకపోతే ఎలాగండీ?” అన్నారు. “డెబ్భై తరవాత డెబ్భై రెండు వస్తే జనం ఒకటి దాచారనుకుంటారు. అంకెలు మారిస్తే పద్దెనిమిదిలో డెబ్భై నాలుగు చూడమన్నది, తొంభైలో డెబ్భై తొమ్మిది చూడమన్నది అన్నీ తప్పిపోతాయి. మీరే ఆలోచించండి. మీరైనా ఇలాగే రాసేవారు.”

నేనైనా ఇలాగే రాసేవాణ్ణి.

“ఆ రెండు చోట్లా ఇది కూడా తీసేయాలంటే?”

“దీనికి మళ్ళీ ఫారం పెట్టుకోవచ్చు. కానీ దీనిమీద ఎవరి పేరూ లేదు. ఒప్పుకోవడానికి కుటుంబం లేదు.”

సూరమ్మ తలుపు పక్కనే కూర్చుని ఉంది. డెబ్భై ఒకటి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంది. పేరు రాలేదు. కళ్ళు తెరవలేదు.

వేసవి 31వ రోజు. బయట 53. నిబంధనలు 94. నిడివి 11 ని. 50 సె.

పొద్దున ఇందుమతితో అన్నాను. “ఇవాళ ముందు వచ్చెయ్.”

“మేస్త్రి ముందొస్తే పద్దెనిమిది ఒప్పుకోదు బావా. తలుపు తీయదు.”

“పనే మానెయ్.”

“నేను మానేస్తే మస్తాన్ మేస్త్రి అవుతాడు. వాడికి లెక్కపెట్టడం రాదు. మన ఐదుగుర్నీ ఏడుగురంటాడు.” నీళ్ళ తిత్తి భుజాన వేసుకుంది. “మొదటినుంచి వినక్కర్లేదుగా ఇప్పుడు. పడినా లేచి ఒక్క మాట అంటే చాలు. అది నువ్వు చేసిందేగా. మంచిదే.”

పని దిగే వేళకి నేను తలుపు దగ్గర ఉన్నాను. ఐదుగురు వచ్చారు. యాభై తొమ్మిది నిమిషాల పది సెకన్లు. ఐదోవాడు మస్తాన్. లోపలికి వచ్చి నేలమీద కూలబడ్డాడు.

“మేస్త్రి తన నీళ్ళు నాకిచ్చేసిందండీ,” అన్నాడు. “వద్దన్నా వినలేదు.”

స్పీకరులో యంత్రం గొంతు. తరవాత ఇందుమతి గొంతు. ఒకటి, ఒప్పుకున్నా. రెండు, ఒప్పుకున్నా.

ముప్ఫై ఎనిమిది. ‘ఒంటెను మధ్యగదియందు కట్టరాదు.’

“ఒప్పుకున్నా.”

అంతే అంది. మస్తాన్ తలెత్తి నా వైపు చూశాడు.

అరవై దాటేసరికి మాట సగమే వస్తోంది. యంత్రం ‘మరల చెప్పండి’ అంది, నాలుగుసార్లు. డెబ్భై ఒకటో చోటు నిమిషం అయిదు సెకన్లు. ఒప్పుకుంది. తొంభై. ఒప్పుకుంది. తొంభై మూడు. ఒప్పుకుంది. తొంభై నాలుగు మొదలైంది. నిమిషం ఇరవై అయిదు సెకన్లు. మధ్యలో ఏదో పడిన చప్పుడు వచ్చింది. యంత్రం చదవడం ఆపలేదు. చివరిదాకా చదివింది.

‘సమాధానం చెప్పండి.’

నీళ్ళు చల్లుతుందని ఎదురుచూశాను. నీళ్ళు పడితే లేస్తుంది. ఒక్క మాట చాలు.

నీళ్ళు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు డెబ్భై ఒకటిలో ఉన్నాయి. నేనే రాశాను. ‘మొదటినుంచి వినవలెను’ అన్న మాటల్ని పంతొమ్మిది రోజులు చూశాను, వాటికి ముందున్న వాక్యాన్ని చూడలేదు.

‘సమాధానం చెప్పండి.’

తలుపు మీద నోరు పెట్టి ఒప్పుకున్నా అని అరిచాను. మస్తాన్ అరిచాడు. సూరమ్మ కూడా లేచి వచ్చి అరిచింది. వేరొకరి గొంతు చెల్లదు. అది డెబ్భై రెండు. వెంకన్న తరవాత చేర్చింది.

పద్మనాభం గారు పత్రం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పేజీలు తిప్పారు. పన్నెండులో ‘అనుబంధము చూడుడు’ అన్నది తప్ప పడిపోయినవాళ్ళ గురించి ఎక్కడా ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే, అది మేం తీసేశాం.

యంత్రం అర నిమిషానికి ఒకసారి అడిగింది. నలభై ఆరుసార్లు. తరవాత అడగడం మానేసింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

“చూశారా,” అన్నారు పద్మనాభం గారు. ఏడుస్తున్నారు. “అందుకే ఏదీ తీయకూడదంటాను.”

వేసవి 36వ రోజు. బయట 53. నిబంధనలు 94. నిడివి 11 ని. 50 సె.

ఇందుమతి నిబంధన నేను రాస్తానన్నాను.

ఒక్క వాక్యం రాసి తీసుకెళ్ళాను. ‘పడిపోయినవాళ్ళని ముందు లోపలికి తీసుకురండి.’ పేరుతో కలిపి ఏడు సెకన్లు.

పద్మనాభం గారు చదివి బల్ల మీద పెట్టారు. “అక్కకి నిమిషం పది వచ్చింది. చెల్లెలికి ఏడు సెకన్లు. జనం ఏమనుకుంటారు సదాశివం గారూ? మీకు ఈవిడ మీద అభిమానం లేదనుకోరా?”

నేను కాగితం మళ్ళీ ఆయన వైపు జరిపాను.

“అదలా ఉంచండి. పడిపోవడం అంటే ఏంటి? గోడకి ఆనుకుంటే పడిపోయినట్టా? నటిస్తే? అవునో కాదో ఎవరు తేల్చాలి? తీసుకురావడానికి లోపలి మనిషి మధ్యగదిలోకి వెళ్తాడు. తిరిగి రావాలంటే అతను పత్రం వినాలా, అక్కర్లేదా? అక్కర్లేదంటే, రేపు ప్రతివాడూ ఎవరినో మోసుకుంటూ వస్తాడు.”

ప్రశ్నలు సరైనవే. ఏడు సెకన్లలో ఒక్కదానికీ జవాబు లేదు.

సాయంత్రం దాకా కూర్చుని రాశాను. పడిపోవుట అనగా. తేల్చువారు అనగా. తీసుకువచ్చువారు ముందుగా పత్రమును తుదివరకు విని ఒప్పుకొనవలెను. నీళ్ళు మరిచిపోలేదు, మొదటే పెట్టాను. ‘హైమవతి గారి సోదరి’ అని కూడా చేర్చాను. పంతొమ్మిదేళ్ళ అలవాటు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

వేసవి 41వ రోజు. బయట 54. నిబంధనలు 95. నిడివి 13 ని. 30 సె.

పదకొండో రోజు. లోపలి తలుపు ముందు నిలబడ్డాం. గుడ్డలు మూడు మడతలు వేసి వచ్చాను.

కొత్త మేస్త్రి మస్తాన్. ముఠాతో బయట ఉన్నాడు. పొద్దుటి పని ముగిసి వచ్చారు, పట్టా నీడలో ఉన్నారు. ఐదుగురో ఏడుగురో.

యంత్రం తొంభై అయిదు చదివింది. నిమిషం నలభై సెకన్లు. గుమ్మంలో ఇంతవరకు ఇంత పొడుగుది ఎవరికీ రాలేదు. ఇందుమతి పేరు మూడుసార్లు వస్తుంది, హైమ పేరు ఒకసారి. సూరమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. అయిపోయాక నా చెయ్యి పట్టుకుంది.

“బాగా రాశావు నాయనా. మా వాడిది కూడా మళ్ళీ పెట్టించు. నువ్వే రాయి.”

రాస్తానన్నాను.

పద్మనాభం గారు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. “రెండోసారి వినిపించమంటారా? బయట ముఠా ఉంది. మీ ఇష్టం.”

వినిపించమన్నాను.